చరిత్ర తెలిసిన బండే చౌక

సెకండ్స్‌లో కారు కొందామనుకున్న ఏ ఇంట్లోనైనా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: రెండు మూడు లక్షల్లో మంచి బండి ఏది? జవాబుగా అందరూ పేర్లు చెబుతారు. బావమరిది వ్యాగన్ఆర్ అంటాడు, పక్క సీటులో పనిచేసే ఆయన ఐ10 అంటాడు, మెకానిక్ స్విఫ్ట్ అంటాడు. ఎవరి మాటా తప్పు కాదు. కానీ ఒకే ఏడాది, ఒకే రంగు, ఒకే ధర ఉన్న రెండు వ్యాగన్ఆర్‌లలో ఒకటి అయిదేళ్లపాటు ఆయిల్ మార్పిస్తే చాలన్నట్టు తిరుగుతుంది. రెండోది ఆరు నెలలకే ఇంజన్ బోరుకు వచ్చి షెడ్డులో కూర్చుంటుంది. రెండింటి పేరూ ఒకటే. తేడా అంతా అవి ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఎలా బతికాయన్న దానిలో ఉంది. అందుకే పాత కారు గురించి మాట్లాడేటప్పుడు "ఏ బండి" అన్న ప్రశ్న కన్నా "ఈ బండి కథ ఏమిటి" అన్న ప్రశ్నే ముందు రావాలి.

ఈ సంగతిని ఆర్థికశాస్త్రం చాలాకాలం కిందటే పట్టుకుంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఏకర్‌లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని 'నిమ్మకాయల' మీద ఒక వ్యాసం రాశాడు. మనం కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం శుభమనుకుంటాం. అమెరికన్ల వాడుకలో నిమ్మకాయ అంటే లోపాలు దాచుకున్న కారు. అమ్మేవాడికి బండి లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కనుక అతను ఏ బండికైనా మధ్యస్థంగానే ధర ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడానికి ఇష్టపడడు, పాడైన బండి ఉన్నవాడు సంతోషంగా అమ్ముతాడు. అలా బజారులో మంచివి తగ్గుతూ, చెడ్డవి పెరుగుతూ పోతాయి. ఒకరికి తెలిసి మరొకరికి తెలియకపోవడం బజారునే ఎలా చెడగొడుతుందో చూపిన ఈ పరిశోధనకు 2001లో ఆయన మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. విజయవాడలో, వరంగల్‌లో, కర్నూలులో 'కార్ కన్సల్టెన్సీ' బోర్డు కింద నిలబడిన ప్రతి కొనుగోలుదారుడి ఇబ్బందీ ఇదే.

అడిగిన ధర, అసలు ధర

పాత కారులో లాభం ఎక్కడ పుడుతుందో బీమా లెక్క చూస్తే తెలుస్తుంది. బండి విలువను బీమా కోసం లెక్కగట్టే పట్టిక ప్రకారం ఆరు నెలలకే 5 శాతం, ఏడాదికి 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, అయిదేళ్లకు 50 శాతం తరుగు తీస్తారు. బజారు ధర అచ్చంగా ఈ పట్టిక ప్రకారమే నడవకపోయినా దారి మాత్రం ఇదే. అంటే మొదటి యజమాని అయిదేళ్లలో సగం విలువ తన జేబులోంచి భరించి మనకు అప్పగిస్తున్నాడు. బాగా చూసుకున్న చిన్న పెట్రోలు కారుకు అయిదేళ్లు పెద్ద వయసేమీ కాదు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య బండ్లు ఎక్కువమందికి నప్పడానికి కారణం అదే. తరుగులో పెద్ద భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది, పెద్ద మరమ్మతులు ఇంకా మొదలై ఉండవు.

ఇంకా పాతదానికి వెళ్తే ఇంకా చౌక కదా అనిపిస్తుంది. ఒక లెక్క వేద్దాం. పన్నెండేళ్ల బండిని 2 లక్షలకు కొన్నామనుకోండి. మొదటి ఏడాది టైర్లు, క్లచ్, సస్పెన్షన్, ఏసీ కలిపి 60 వేలు, తర్వాత మూడేళ్లూ ఏటా 25 వేలు ఖర్చయి, నాలుగేళ్ల చివర 90 వేలకు అమ్మితే మనకు పడినది 2 లక్షల 45 వేలు. ఆరేళ్ల బండిని 3 లక్షల 20 వేలకు కొని, మొదటి ఏడాది 20 వేలు, తర్వాత ఏటా 15 వేలు పెట్టి, 2 లక్షలకు అమ్మితే పడినది లక్షా 85 వేలు. ఎక్కువ ధర పెట్టిన బండే 60 వేలు తక్కువకు వచ్చింది. అంకెలు ఇంటింటికీ మారతాయి కానీ, కొన్న ధరకు మరమ్మతులు కలిపి, అమ్మే ధర తీసేయకుండా 'చౌక' అన్న మాట అనకూడదు.

మైలేజీ లెక్కా ఇలాంటిదే. లీటరు పెట్రోలు 107 రూపాయలు, ఏడాదికి 8 వేల కిలోమీటర్ల తిరుగుడు అనుకుంటే, లీటరుకు 16 ఇచ్చే బండికి 53 వేల 500, 12 ఇచ్చే బండికి 71 వేల పైచిలుకు అవుతుంది. ఏటా దాదాపు 18 వేల తేడా. బేరంలో గంటసేపు వాదించి తగ్గించుకున్న పదివేలు ఏడు నెలల్లో ఆవిరైపోతాయి. అదే ఏడాదికి 3 వేల కిలోమీటర్లు కూడా తిరగనివారికి ఈ తేడా పెద్దది కాదు. వాళ్లు మైలేజీ కోసం పాత డీజిల్ కొనడం నష్టం. డీజిల్ ఇంజన్ మరమ్మతు పెట్రోలు కన్నా ఖరీదు, ఆ ఖర్చును తిరిగి రాబట్టేంత తిరుగుడు వాళ్లకు ఉండదు.

కొత్త కార్ల ధర కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 28 శాతం జీఎస్టీ, దాని మీద సెస్సు ఉండేవి. కాబట్టి రెండేళ్ల పాత చిన్న కారును కొత్తదానికి కాస్త తక్కువ ధరకు కొనడంలో ఇప్పుడు అర్థం తగ్గింది. పాత కార్ల వ్యాపారులు 2025 జనవరి నుంచి తమ లాభం మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నారు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగే అమ్మకానికి అది వర్తించదు.

ఏ ఏడాది బండి?

మోడల్ పేరు కన్నా తయారైన ఏడాదే చాలాసార్లు ఎక్కువ చెబుతుంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముడయ్యే ఆల్టో 800, ఐ10, ఫిగో, పోలో, నానో కార్లను ఎయిర్‌బ్యాగులు లేని రకాల్లో గుద్ది చూసింది. పెద్దల రక్షణలో ఒక్కదానికీ ఒక్క నక్షత్రమూ రాలేదు. అదే పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి పరీక్షిస్తే నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఆ తర్వాత నిబంధనలు మారాయి. 2019 ఏప్రిల్ నుంచి కార్లకు ఏబీఎస్, అదే ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయ్యాయి. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే నడుస్తున్న మోడళ్లకు ఆ ఏడాది చివరి నుంచి తప్పనిసరి అయ్యాయి. అందువల్ల 2019 జూలై తర్వాత తయారైన బేస్ మోడల్ కూడా కొంత రక్షణ ఇస్తుంది. అంతకుముందు బండి కొనేటప్పుడు ఎయిర్‌బ్యాగులున్న రకమే వెతుక్కోవాలి. ఇరవై ముప్పై వేలు ఎక్కువైనా ఇవ్వదగిన డబ్బు ఇది. భార్యాపిల్లలు కూర్చునే బండి మరి.

పొగ నిబంధనల్లో బీఎస్4 దేశమంతటా 2017 ఏప్రిల్ 1న, బీఎస్6 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. బీఎస్6 డీజిల్ కార్లలో పొగమసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లివచ్చే ఊరి తిరుగుడులో అది వేడెక్కి శుభ్రపడే అవకాశం రాదు, మూసుకుపోతుంది. అలాంటి తిరుగుడు ఉన్నవారు డీజిల్ జోలికి పోకపోవడం మంచిది. ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలుకు తగిన రబ్బరు గొట్టాలు, సీళ్లు 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో ఉంటాయి. అంతకన్నా పాత బండి కొంటే ఇంధన గొట్టాలను మెకానిక్‌కు చూపించాలి, మైలేజీ కొంత తగ్గుతుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

పదిహేనేళ్ల గీత మరొకటి. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5 వేలయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. 2012 మోడల్ కారు లక్షన్నరకు వస్తోందంటే ఈ ఖర్చు దగ్గరపడినందువల్ల కూడా కావచ్చు.

పేర్లలోకి వస్తే

తక్కువ బడ్జెట్‌లో ఆల్టో, వ్యాగన్ఆర్, ఐ10, ఇయాన్ ఎక్కువగా దొరుకుతాయి. వీటి విలువ నిరాడంబరతలోనే ఉంది. ఏ మండల కేంద్రంలోనైనా స్పేర్లు దొరుకుతాయి, ఏ మెకానికైనా విప్పగలడు, మళ్లీ అమ్మాలంటే పట్టుకుపోయేవాళ్లుంటారు. ఊరు, రైల్వే స్టేషను, ఆస్పత్రి, పెళ్లిళ్లు అన్న తిరుగుడుకు ఇవి చాలు. నలుగురు కూర్చుని ఏసీ వేసి శ్రీశైలం ఘాట్ ఎక్కాలంటే మాత్రం 800 సీసీ ఇంజను ఆయాసపడుతుంది. తరచూ అలాంటి ప్రయాణాలుంటే 1.2 లీటర్ల ఇంజను తీసుకోవాలి.

ఆ పై మెట్టులో స్విఫ్ట్, డిజైర్, గ్రాండ్ ఐ10, ఎటియోస్, టియాగో వస్తాయి. ధరకు, పికప్‌కు, మన్నికకు మధ్య సమతూకం బాగా కుదిరే వరుస ఇదే. మారుతి, హ్యుందాయ్‌ల 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్లలో టైమింగ్ చైన్ ఉంటుంది. బెల్టు ఉన్న ఇంజన్లలాగా గడువుకు మార్చే ఖర్చు లేదు, కానీ ఆయిల్ నిర్లక్ష్యం చేస్తే చైన్ కూడా శబ్దం మొదలుపెడుతుంది. 2010 నుంచి 2020 దాకా తయారైన టయోటా ఎటియోస్‌కు అందంలో పేరు రాలేదు, మన్నికలో వచ్చింది. ఎయిర్‌బ్యాగులతో అది నాలుగు నక్షత్రాల బండి కూడా. ఎటియోస్‌తో, డిజైర్‌తో చిక్కు వేరే ఉంది. చాలా బండ్లు ట్యాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగి, తర్వాత పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటుగా మారినవి. ఆర్‌సీ చరిత్రలో ఇది దొరుకుతుంది, అడగాలి.

పికప్ కోరుకునేవారికి అసలైన బేరాలు భయం ఉన్నచోట దొరుకుతాయి. ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. షెవ్రోలే 2017 చివరికి అమ్మకాలు మానేసింది. ఫియట్ కూడా వెళ్లిపోయింది. ఆ భయంతో ధరలు పడిపోయాయి. 100 హార్స్‌పవర్ల డీజిల్ ఇంజనున్న రెండో తరం ఫిగో, పోలో పెట్రోలు టర్బో, పాత హోండా సిటీ లాంటివి కొత్త చిన్న కారు ధరలో సగానికి రావచ్చు. నడపడంలో వీటి ఆనందం నిజమైనదే. అయితే కొనే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. మన ఊరికి యాభై కిలోమీటర్లలో ఆ బండి తెలిసిన మెకానిక్ ఉన్నాడా? హెడ్‌లైట్, బంపర్, క్లచ్ సెట్ ఎంతకు దొరుకుతున్నాయి? ఈ రెండింటికీ ఫోనులోనే జవాబు దొరికితే ధైర్యం చేయవచ్చు. దొరక్కపోతే తగ్గిన ధర తగ్గింపు కాదు, రేపటి ఖర్చుకు బయానా. పాత ఆటోమేటిక్ గేరుబాక్సులకూ ఇదే హెచ్చరిక. ఒక్క మరమ్మతు బండి ధరలో పెద్ద వాటా తినగలదు.

ఎక్కడ కొనాలి?

తెలిసినవారి బండి మొదటి వరస. అది ఎక్కడ సర్వీసయిందో, ఎప్పుడు గుద్దుకుందో వీధికంతా తెలుసు. కంపెనీల సొంత పాత కార్ల షోరూములు, పెద్ద ఆన్‌లైన్ సంస్థలు తనిఖీ నివేదిక, కొన్ని నెలల వారంటీ ఇస్తాయి, ధర ఎక్కువ. కన్సల్టెన్సీల్లో రకాలు ఎక్కువ, బేరం ఎక్కువ, భరోసా ఆ మనిషి పేరును బట్టి ఉంటుంది. ఫైనాన్స్ కంపెనీలు జప్తు చేసి వేలం వేసే బండ్లు అన్నిటికన్నా చౌక, కానీ నడిపి చూడనివ్వరు. చేయి తిరిగిన మెకానిక్ వెంట లేకుండా వేలానికి పోకూడదు.

ఢిల్లీ బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లపై ఏళ్లపాటు నడిచిన ఆంక్షల వల్ల పెద్ద కార్లు ఆశ్చర్యపోయే ధరకు మన వైపు వస్తున్నాయి. ఆ ధరకు ఎన్ఓసీ, తీసుకొచ్చే ఖర్చు, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు కలపాలి. చట్టం ప్రకారం మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి తిప్పితే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. 2014 జూన్ 2 తర్వాత తెలంగాణలో రిజిస్టరైన కారు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినా, అటుది ఇటు వచ్చినా ఇదే లెక్క. హైదరాబాదులో కొని గుంటూరులో తిప్పుకుందామనుకునేవారు ఈ ఖర్చును బేరానికి ముందే తెలుసుకోవాలి.

బండి కథ చదవడం

మీటరును ఒంటరిగా నమ్మకూడదు. డిజిటల్ మీటరును ల్యాప్‌టాప్‌తో తగ్గించడం క్షణాల పని. కానీ బండి ఒంటి మీద మిగిలిన అక్షరాలు తుడిచేయడం కష్టం. మీటరులో 40 వేలుండి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నబడితే, స్టీరింగ్ మెరుస్తుంటే, డ్రైవర్ సీటు అంచు కుంగిపోతే ఆ అంకె అబద్ధం. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అద్దాల మీదా తయారీ ఏడాది గుర్తు ఉంటుంది. అన్ని అద్దాలూ ఒక ఏడాదివై, ఒక్కటి వేరే ఏడాదిదైతే ఆ వైపు ఏదో జరిగింది. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం షోరూం ట్రాక్. రెండేళ్ల కిందటి సర్వీసు బిల్లులో 90 వేలుండి నేటి మీటరులో 52 వేలుంటే ఇక మాట్లాడేదేమీ లేదు.

టింకరింగ్ జరగడం నేరం కాదు. మన ట్రాఫిక్‌లో పదేళ్ల బండికి బంపర్, డోరు పెయింటు పడకుండా ఉండదు. చూడాల్సింది అస్థిపంజరం. బానెట్ ఎత్తి ఏప్రన్లు, రేడియేటరు పట్టీ, డోరు రబ్బరు తీసి పిల్లర్ల మీద కంపెనీ వేసిన వెల్డింగ్ చుక్కలు చూడాలి. చుక్కలు వరుసగా లేకపోతే, లప్పం కనబడితే బండి పెద్ద దెబ్బ తిన్నట్టే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు మనమే స్టార్ట్ చేయాలి. మనం వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే మరోరోజు వస్తామనాలి. నీలం పొగ ఆయిల్ తింటున్న గుర్తు. ఆగకుండా వచ్చే తెల్లపొగ, ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి నురుగు కూలెంటు లోపలికి దిగుతున్న గుర్తులు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో ఏదో దాచారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు వేల బండ్లు మునిగాయి. అలా మునిగిన కార్లు కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి దూరపు ఊళ్లలో అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపల దాగిన బురద గీత కనబడుతుంది. కార్పెట్ ఎత్తితే, సీటు బోల్టుల తుప్పు చూస్తే, స్టెప్నీ గుంటలో వేలు పెడితే నీటి జాడ దొరుకుతుంది. మునిగిన బండిలో వైరింగ్ నెలల తర్వాత మొరాయిస్తుంది. దాన్ని ఏ ధరకూ కొనకూడదు.

ఈ పనులన్నిటికీ మన వైపు మెకానిక్‌కు వెయ్యో రెండు వేలో ఇచ్చి గంటసేపు చూపించుకోవడం, ఊరి బయట రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు నడపడం ఈ బేరంలో అత్యంత లాభసాటి ఖర్చు. దానికి ఒప్పుకోని అమ్మకందారుడు తన జవాబు చెప్పేసినట్టే.

కాగితాలు, అప్పు

ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని పేరు మార్చకుండా బండి తిప్పడం మనకు పాత అలవాటు. ఇది ఇద్దరికీ ప్రమాదం. పలుమార్లు చేతులు మారినా ఆర్‌సీ మారని కారు ప్రమాదం చేసిన కేసులో, రికార్డులో పేరున్న యజమానే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక అమ్మినవాడు ఫారం 29, కొన్నవాడు ఫారం 30తో బదిలీ పూర్తయ్యేదాకా వదలకూడదు. పాత అప్పు ఉంటే ఫారం 35, బ్యాంకు నుంచి బకాయి లేదన్న పత్రం కావాలి. బీమాను 14 రోజుల్లోగా మన పేరుకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత యజమానితోనే పోతుంది. పెండింగ్ చలాన్లు, చాసిస్ నంబరు సరిపోలడం చూసుకోవాలి. సీఎన్‌జీ కిట్ ఉంటే ఆర్‌సీలో ఎక్కిందా, మూడేళ్లకోసారి చేయించే సిలిండరు పరీక్ష అయిందా అని అడగాలి.

వడ్డీ దగ్గర జాగ్రత్త మరీ అవసరం. "నూటికి రూపాయే" అంటే మనకు తక్కువనిపిస్తుంది. ఆ లెక్కన లక్ష రూపాయలకు మూడేళ్లు ఫ్లాట్ వడ్డీ వేస్తే నెలకు సుమారు 3 వేల 778 కట్టాలి. మనం నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదే నడుస్తుంది. నిజంగా పడే వడ్డీ ఏడాదికి దాదాపు 21 శాతం. అప్పు లేకుండా కొనగలిగిన చిన్న బండి, అప్పుతో కొన్న పెద్ద బండి కన్నా ఎన్నో ఇళ్లకు మేలు.

ఫైలు

ఇంత జాగ్రత్త కొనేవాడి నెత్తిన ఎందుకు పడాలి? అమెరికాలో చదువుకోడానికి వెళ్లిన మన పిల్లలు పాత కరోలానో సివిక్‌నో కొనేటప్పుడు మొదట అడిగేది 'క్లీన్ టైటిలా' అని. బీమా కంపెనీ పనికిరాదని తేల్చిన కారుకు అక్కడ యాజమాన్య పత్రం మీదే ముద్ర పడుతుంది. మీటరు తగ్గించడం 1972 నుంచి అక్కడ కేంద్ర చట్టం కింద నేరం, చేతులు మారేటప్పుడు రీడింగ్ రాసివ్వాలి. మన ఆర్‌సీలో రీడింగ్ ఉండదు, మునిగిన సంగతి ఉండదు. బండ్ల పునర్విక్రయం చేసే వ్యాపారులకు అనుమతి పత్రాన్ని తప్పనిసరి చేస్తూ 2023 ఏప్రిల్ నుంచి కేంద్రం నిబంధనలు తెచ్చింది. అది మొదటి అడుగు. ప్రతి సర్వీసుకూ, ప్రతి పొగ పరీక్షకూ రీడింగ్ నమోదై, పెద్ద బీమా క్లెయిములు ఆర్‌సీతో పాటు కనబడితే ఈ వ్యాసంలో సగం జాగ్రత్తలతో పనుండదు.

అందాకా చరిత్రను కాపాడేది మనమే. మన బండి సర్వీసు బిల్లులు, టైర్ల రసీదులు, బీమా పత్రాలు ఒక ఫైలులో దాచి ఉంచడానికి ఖర్చేమీ లేదు. కొనేటప్పుడు ఆ ఫైలున్న బండికి పది వేలు ఎక్కువిచ్చినా తీసుకోండి. అమ్మేటప్పుడు తాళాలతో పాటు ఆ ఫైలు కూడా చేతిలో పెట్టండి. అందులో చిన్న యాక్సిడెంటు బిల్లు ఉన్నా తీసేయకండి. ఆ కాగితం ఉన్నందుకే మిగతా కాగితాలను అవతలివాడు నమ్ముతాడు.